నొప్పి పోయిన పన్నుకు తొడుగు ఎందుకు?

నీలిగోరింట
కింది దవడలో కుడివైపు పెద్ద పన్నుకు మూడు వారాల కిందట రూట్ కెనాల్ పూర్తయింది. చివరి రోజున తెల్లటి మెత్తని మందు పెట్టి మూసి, "ఇది తాత్కాలికం. వారంలో రండి, గట్టి ఫిల్లింగ్ చేసి క్యాప్‌కు కొలతలు తీసుకుందాం" అన్నారు. నేను వెళ్లలేదు. కారణం ఒక్కటే, నొప్పి లేదు. నెల రోజులు నిద్ర లేకుండా చేసిన పన్ను ఇప్పుడు ఉన్నదో లేదో తెలియనంత నెమ్మదిగా ఉంది. దాన్ని మళ్లీ కదిలించడం ఎందుకనిపిస్తోంది. పైగా క్యాప్ వేయాలంటే చుట్టూ అరగదీస్తారట. ఇప్పటికే నడిమధ్య గొయ్యి తవ్విన పన్నును చుట్టూ కూడా అరగదీస్తే బలం పెరుగుతుందా, ఉన్నదీ పోతుందా? నిజంగా అవసరమా, లేక అందరికీ వరసగా చెప్పే మాటేనా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పాతగడియారం
నా రూట్ కెనాల్‌కు పన్నెండేళ్లు. క్యాప్ లేదు, ఫిల్లింగ్ మాత్రమే. ఈ రోజు వరకు ఏ ఇబ్బందీ లేదు. కంగారు పడకండి.

మూడోమెట్టు
పై పోస్టు చదివి నిశ్చింతగా ఉండకండి, దయచేసి. నేనూ అలాగే ఉన్నాను. పై దవడలో చిన్న దవడ పన్ను. రూట్ కెనాల్ చక్కగా కుదిరింది. క్యాప్ సంగతి ఈ నెల, వచ్చే నెల అంటూ పది నెలలు గడిపాను. ఒక రాత్రి భోజనం చేస్తుంటే టక్కుమని చప్పుడు. నొప్పి లేదు కనుక రాయి తగిలిందనుకున్నాను. నాలుకతో తడిమితే పన్నులో సగం కదులుతోంది, సగం నిలిచి ఉంది. అద్దం ముందు నిలబడి చూశాను. పన్ను నడిమధ్య వెంట్రుకంత నల్లటి గీత. లోపలివైపు ముక్కను వేలితో నొక్కితే ఆ గీత తెరుచుకుంటోంది, వదిలితే మూసుకుంటోంది. చీలిక చిగురు కిందికి, వేరులోకి దిగిపోయిందని డాక్టరు చెప్పారు. పన్ను తీసేయక తప్పలేదు. రూట్ కెనాల్‌కు పడిన శ్రమంతా ఆ గీతలో పోయింది.

లెక్కలపద్దు
రోజంతా పన్నుల లెక్కలు చూసే ఉద్యోగం నాది, శీర్షికలో ఆ మాట కనబడితే చేయి ఆగలేదు. వచ్చాను కనుక నా సందేహం కూడా అడుగుతాను. రూట్ కెనాల్ చేస్తే రక్తం అందక పన్ను ఎండిపోతుందని, ఎండుకట్టెలా పెళుసెక్కి విరుగుతుందని అంటారు. అది నిజమేనా?

మూడోమెట్టు
మీ శాఖలో గడువు దాటితే అపరాధ రుసుముతో పోతుంది. ఇక్కడ పన్నే పోతుంది.

చిగురుటాకు
ఇరవై ఏళ్లుగా పళ్ల వైద్యమే నా పని. నోరు చూడకుండా ఎవరి పన్ను గురించీ తీర్పు చెప్పను. కానీ లెక్కలపద్దు గారు అడిగింది చాలామంది నమ్మే మాట, ముందు అది తేల్చుకుందాం.

ఎండి పెళుసెక్కడం దాదాపు అపోహే. 1992లో సెడ్జ్‌లీ, మెసర్ అనే పరిశోధకులు మనుషుల నోటి నుంచి తీసిన పళ్లను జంటలుగా పరీక్షించారు. ఒకటి రూట్ కెనాల్ అయినది, రెండోది అదే మనిషికి అవతలి వైపున్న జోడు పన్ను. మొత్తం 23 జంటలు. గట్టిదనంలో తేడా 3.5 శాతం. మిగతా పరీక్షల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అంటే పన్ను పదార్థం పాడవలేదు, పదార్థం తగ్గిపోయింది.

ఎక్కడ తగ్గింది అన్నది ముఖ్యం. 1989లో రీహ్, మెసర్, డగ్లస్ కలిసి పళ్ల బిగువును దశల వారీగా కొలిచారు. రూట్ కెనాల్ కోసం పైనుంచి చేసే రంధ్రం వల్ల తగ్గింది 5 శాతమే. నమిలే ముఖం మీద మాత్రమే ఫిల్లింగ్ గొయ్యి తీస్తే 20 శాతం. ముందు పన్నును, వెనక పన్నును ఆనుకొని ఉండే రెండు అంచుల గట్లూ తెగేలా తవ్వితే 63 శాతం. రూట్ కెనాల్ మీద వేసే నింద చాలావరకు అంతకు ముందు పిప్పి తినేసిన భాగానికి చెందుతుంది.

కనుక నీలిగోరింట గారూ, మీ పన్నులో పిప్పి ఎక్కడ పట్టింది? పైనా, పక్కనా?

ఇటుకరాయి
కట్టడాల లెక్కలు వేసేవాణ్ణి, ఆ 63 శాతం చూసి ఆశ్చర్యం కలగలేదు. అగ్గిపెట్టె లోపలి అరను తీసుకోండి. దాని రెండు పొట్టి గోడలనూ కత్తిరించి, పొడుగు గోడల మధ్య వేలు పెట్టి నొక్కండి. రెండూ చెరోవైపు వాలిపోతాయి. పొట్టి గోడలు ఉన్నంతసేపు ఎంత నొక్కినా నిలుస్తాయి. పన్ను అంచుల గట్లు చేసే పని అదే. మూడోమెట్టు గారి పన్ను చీలిన తీరు కూడా అదే అయి ఉంటుంది. నమిలిన ప్రతిసారీ రెండు గోడలూ కాస్త విచ్చుకొని, కాస్త దగ్గరపడి, చివరికి అడుగున పగులు మొదలవుతుంది.

నీలిగోరింట
వెనక వైపు, జ్ఞానదంతానికి ముందున్న పన్నును ఆనుకొని పిప్పి పట్టింది. ముందు వైపు కూడా ఎప్పుడో చేయించుకున్న పాత ఫిల్లింగ్ ఉండేది, దాన్ని కూడా తీసేశారు. అంటే నా అగ్గిపెట్టెకు రెండు పొట్టి గోడలూ లేవన్నమాట. ఇప్పుడు భయం వేస్తోంది.

చిగురుటాకు
భయం వద్దు, ఆలస్యం వద్దు. గట్టి ఫిల్లింగ్ పడేదాకా ఆ వైపు నమలకండి. మీరు చెప్పినదాన్ని బట్టి చూస్తే మీ డాక్టరు అడిగింది సబబే. దవడ పన్నుకు రెండు గట్లూ పోతే నమిలే ముఖం మీద ఎత్తుగా ఉండే కొమ్ములను కప్పి కట్టే తొడుగు ఏదో ఒకటి ఉండాలి.

నొప్పి లేదు కదా అన్న మాట గురించి కూడా చెప్పాలి. లోపలి నరం తీసేశాక వేడి, చల్లన తెలియవు, కొత్తగా పిప్పి పట్టినా తెలియదు. వేరు చుట్టూ ఉన్న పొరకు స్పర్శ ఉంటుంది కనుక నమిలింది తెలుస్తుంది. కానీ 1986లో రాండో, గ్లాంట్స్ చేసిన ప్రయోగంలో నరం లేని పళ్లు నొప్పి తెలిసేలోపు మామూలు పళ్లకంటే ఎక్కువ భారం మోశాయి. అంత మోస్తున్న సంగతి మనిషికి తెలియదు. నొప్పి లేకపోవడం చికిత్స కుదిరిందనడానికి గుర్తు, పన్ను గట్టిగా ఉందనడానికి కాదు.

పాతగడియారం
అయితే నా పన్నెండేళ్ల మాటేమిటి? నా పన్ను ఏ లెక్కకూ లొంగనిదా?

చిగురుటాకు
లొంగుతుంది. మీకు పైనుంచి చేసిన రంధ్రం తప్ప గోడలన్నీ ఉండవచ్చు. దానికి ఎదురు పన్ను లేకపోవచ్చు. మీరు రెండో వైపే ఎక్కువ నములుతుండవచ్చు. అలాంటి పళ్లు ఫిల్లింగ్‌తోనే ఏళ్ల తరబడి నిలవడం నేనూ చూశాను. 2002లో అక్విలినో, కాప్లాన్ ప్రచురించిన పరిశీలనలో మాత్రం తొడుగు లేని పళ్లు తొడుగు ఉన్నవాటికి 6 రెట్ల వేగంతో పోయాయి. ఒక మాట దాచకుండా చెప్పాలి. అది పాత రికార్డులు తిరగేసి చేసిన పరిశీలన. గట్టిగా ఉన్న పళ్లకే డాక్టర్లు తొడుగు వేసి ఉండే అవకాశం కూడా అందులో కలిసి ఉంటుంది. అందుకని తేడా సరిగ్గా 6 రెట్లే అని పట్టుబట్టను. తేడా ఉందన్న మాట మీద మాత్రం నిలబడతాను.

మీరు ఒకసారి ఎక్స్‌రే తీయించుకోండి. పన్నెండేళ్ల ఫిల్లింగ్ అంచుల దగ్గర ఏం జరుగుతోందో మీకు నొప్పి చెప్పదు.

పాతగడియారం
ఎదురు పన్ను ఉంది. గోడల సంగతి నాకు తెలియదు. అడిగి తెలుసుకుంటాను.

వానచినుకు
మా పాపకు ఆరేళ్లు. పాల దవడ పన్నుకు నరం చికిత్స చేసి ఉక్కు తొడుగు వేశారు. ఎలాగూ ఊడిపోయే పన్నుకు ఇంత అవసరమా అని నేనూ వాదించాను. ఆ పన్ను పది, పన్నెండేళ్ల వరకు ఉండి అడుగున వచ్చే పన్నుకు చోటు కాపాడాలన్నారు. పాప మాత్రం బడిలో అందరికీ నోరు తెరిచి తన వెండి పన్ను చూపించి వస్తోంది.

రెక్కలగుర్రం
ముందు పళ్లకు కూడా ఇదే నియమమా? చిన్నప్పుడు బంతి తగిలి పై ముందు పన్ను నరం చచ్చిపోయింది, పోయిన నెలలో రూట్ కెనాల్ అయింది. విరగలేదు, పిప్పి లేదు. బూడిద రంగుకు మారింది, అంతే. నవ్వాలంటే పెదవి అడ్డం పెట్టుకుంటున్నాను. క్యాప్ వేస్తే రంగు సమస్య తీరిపోతుందని ఒకరు అన్నారు.

చిగురుటాకు
మీకు ఆ తొందర వద్దు. ముందు పన్ను నమిలే భారాన్ని నిలువుగా మోయదు, వెనక లోపలివైపు చిన్న రంధ్రం తప్ప పన్నంతా ఉంది. దాన్ని గట్టి ఫిల్లింగ్‌తో మూస్తే చాలు. మంచి పన్నును చుట్టూ అరగదీసి తొడుగు వేస్తే ఉన్న బలం పోతుంది.

రంగుకు వేరే దారి ఉంది. రూట్ కెనాల్ పదార్థాన్ని చిగురు మట్టానికి కాస్త కిందికి తగ్గించి, దాని మీద 2 మిల్లీమీటర్ల మందాన గట్టి సిమెంటు పొర వేసి, పన్ను లోపలే సోడియం పెర్బోరేట్ ముద్ద పెట్టి మూసేస్తారు. కొన్ని రోజులకు ఒకసారి మార్చుతారు. లోపలి నుంచే పన్ను తెల్లబడుతుంది. ఆ అడుగు పొర వేయకుండా, ఘాటైన మందు పోసి వేడి చేసే పాత పద్ధతి మాత్రం ఒప్పుకోకండి. దానివల్ల చిగురు దగ్గర వేరు బయటి నుంచి కరిగిపోయే ప్రమాదం ఉంది. రంగు వచ్చాక శాశ్వత ఫిల్లింగ్‌కు ఒకటి రెండు వారాలు ఆగాలి, లోపల మిగిలిన ఆక్సిజన్ పోతే గాని ఫిల్లింగ్ గట్టిగా అంటుకోదు.

రెక్కలగుర్రం
పన్ను లోపలి నుంచి తెల్లబరచవచ్చని ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు. చాలా మేలు చేశారు.

సన్నఅంచు
నేనూ దంతవైద్యుణ్ణే, వృత్తిలోకి వచ్చి ఆరేళ్లయింది. చిగురుటాకు గారితో చాలావరకు ఏకీభవిస్తాను. కానీ నీలిగోరింట గారు అడిగిన అసలు ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు. చుట్టూ అరగదీస్తే బలం తగ్గదా అన్నారు. తగ్గుతుంది. పూర్తి తొడుగు కోసం చిగురు దాకా నాలుగు వైపులా చెక్కితే మిగిలిన మంచి గోడలే పలచబడతాయి. అందుకే కొమ్ములను మాత్రం ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్లు తగ్గించి పై సగాన్ని కప్పే ఆన్‌లే వేయవచ్చు. పన్ను పక్క గోడలు ముట్టుకోనక్కర లేదు. పగులు ఆపడానికి కావలసింది కొమ్ములు విచ్చుకోకుండా ఉండటం, ఆ పని ఆన్‌లే చేస్తుంది. పెద్ద దవడ పన్నులో పైభాగం దాదాపు పోతే నరం ఉండే గదిలోకే దిగి పట్టు దొరికించుకొనే ఎండోక్రౌన్ కూడా ఉంది.

చిగురుటాకు
నిజమే, ఆ ప్రశ్నను దాటేశాను. ఆన్‌లే మంచిదే, కానీ దానికి ఒక షరతు ఉంది. అది అంటుకొని నిలిచేది. అంటించేటప్పుడు ఉమ్మి తడి తగలకూడదు, అంచు చుట్టూ ఎనామెల్ ఉంటే మేలు. ఈవిడకు వెనక వైపు పిప్పి చిగురు కిందికి దిగి ఉంటే ఆ మూల ఎనామెలే ఉండదు. అక్కడ నేను పూర్తి తొడుగే ఎంచుకుంటాను.

సన్నఅంచు
చిగురు కిందికి దిగితే మీ మాటే సరి. అది ఎక్స్‌రే చూసి తేల్చవలసిన సంగతి. ఎనామెల్ ఉన్న పన్నుకు మాత్రం పూర్తి తొడుగు చెక్కడానికి నా చేయి రాదు.

ఇటుకరాయి
మా అన్నకు రూట్ కెనాల్ అయిన పన్నులో "బలం కోసం" లోహపు కడ్డీ దించారు. కాంక్రీటులో ఇనుము వేసినట్టు అని వివరించారట. నాకు ఆ పోలిక నమ్మశక్యంగా లేదు. కాంక్రీటులో ఇనుము లాగుడు పడే చోట ఉంటుంది. పన్ను వంగితే లాగుడు పడేది బయటి అంచున, కడ్డీ ఉండేది నడిమధ్య.

చిగురుటాకు
మీ అనుమానం సరైనది. ఆ కడ్డీని పోస్ట్ అంటాం. పోస్ట్ పన్నుకు బలం ఇవ్వదు. పైన కట్టే దిమ్మెకు పట్టు ఇస్తుంది, అంతే. పైన పట్టు దొరకనంతగా పన్ను పోయినప్పుడే అది అవసరం. దవడ పళ్లకు నరం గదే పట్టు ఇస్తుంది కనుక చాలాసార్లు అక్కర ఉండదు. పోస్ట్ కోసం వేరు లోపల అదనంగా తవ్వితే వేరు పలచబడుతుంది. తప్పనిసరైతే వేరు కొన దగ్గర 4, 5 మిల్లీమీటర్ల గట్టాపెర్చా, అంటే రూట్ కెనాల్‌లో వేరు లోపల నింపే రబ్బరు లాంటి పదార్థం, కదలకుండా వదిలేయాలి, లేకపోతే కొన దగ్గరి మూత పోతుంది.

ఇటుకరాయి
బిగువులో తేడా కూడా ఉంది కదా. ఎనామెల్ కింద ఉండే పన్ను పదార్థం డెంటిన్. దాని స్థితిస్థాపక గుణకం, అంటే వంగకుండా నిలిచే బిగువు, 18 గిగాపాస్కల్ దరిదాపుల్లో ఉంటుందని చదివాను. ఉక్కుది 200. పన్ను కాస్త వంగాలనుకుంటే లోపలి కడ్డీ వంగనివ్వదు, భారమంతా కడ్డీ కొన దగ్గర చేరుతుంది.

చిగురుటాకు
అందుకే గాజు నారతో చేసిన పోస్ట్‌లు వచ్చాయి. వాటి గుణం డెంటిన్‌కు దగ్గరగా ఉంటుంది. అవి విఫలమైతే చాలావరకు అంటు ఊడి బయటికి వస్తాయి, మళ్లీ పెట్టుకోవచ్చు. లోహపు పోస్ట్ విఫలమైతే వేరు నిలువునా చీలిపోవచ్చు, దానికి మందు లేదు.

ఏ పోస్ట్ అన్నదాని కంటే నేను ముందు చూసేది వేరొకటి ఉంది. తొడుగు అంచు కింద చుట్టూ కనీసం ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల ఎత్తున, ఒక మిల్లీమీటరు మందాన గట్టి సొంత పన్ను మిగలాలి. తొడుగు ఆ పట్టీని చుట్టి బిగించి పట్టుకుంటుంది. దాన్ని ఫెరూల్ అంటాం. తెలుగులో ఏమంటారో తెలియదు.

ఇటుకరాయి
పొన్ను! రోకలి కొనకు వేసే ఇనుప పొన్ను చూడలేదా? దంచేటప్పుడు కర్ర చీలకుండా పట్టి ఉంచేది అదే. చేతికర్ర అడుగున వేసేదీ పొన్నే. ఇంగ్లిషులో ఫెరూల్ అన్న మాటకు అర్థం కూడా సరిగ్గా అదే.

చిగురుటాకు
ఇరవై ఏళ్లుగా చేతులతో సైగ చేసి చెబుతున్నాను! రేపటి నుంచి పొన్ను అనే చెబుతాను. రోకలి తెలిసినవాళ్లకు ఇక వివరణే అక్కర లేదు. రోకలి కొన పుచ్చిపోయి ఉంటే పొన్ను దేనికి బిగుస్తుంది? కింద గట్టి కర్ర ఉండాలి. పన్నుకూ అంతే.

లెక్కలపద్దు
పన్నుకు పొన్ను. ఈ పదం ఇక మరిచిపోను. మరి ఆ రెండు మిల్లీమీటర్లు మిగలని వాళ్లు ఏం చేయాలి?

సన్నఅంచు
రెండు దారులు. చిగురును, దాని కింది ఎముకను కొంచెం సవరించి పన్ను ఎత్తు బయటికి తేవడం ఒకటి. సన్నని తీగలతో వేరునే నెమ్మదిగా పైకి లాగడం రెండోది, దీనికి వారాలు పడుతుంది గాని పక్క పళ్ల ఎముక జోలికి పెద్దగా వెళ్లనక్కర లేదు. రెండింటికీ వేరు తగినంత పొడుగుండాలి. అదీ లేకపోతే ఆ పన్ను మీద ఇంకా పని చేయడం న్యాయం కాదని రోగికి ముందే చెప్పడం మేలు.

సూదిబెజ్జం
ఇంత దూరం ఎందుకు? కాల్షియం మాత్రలు క్రమం తప్పకుండా వాడితే పళ్లు లోపలి నుంచి గట్టిపడతాయి. నేను రెండేళ్లుగా వాడుతున్నాను.

చిగురుటాకు
ఎముకల కోసం డాక్టరు రాసి ఉంటే వాడండి. కానీ పూర్తిగా పెరిగిన పన్నులోకి ఆ కాల్షియం చేరదు. ఎనామెల్‌కు రక్తనాళాలే లేవు. మామూలు పన్నులోనైతే లోపలి నరం కొత్త డెంటిన్ పొర కట్టగలదు, రూట్ కెనాల్‌తో ఆ నరమే పోయింది. ఇక ఆ పన్నుకు బలం బయటి నుంచే రావాలి. మీరు చేయగలిగింది అంచులు కాపాడటం. 1350 నుంచి 1500 పీపీఎం ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో రోజూ రెండుసార్లు తోముకోండి, పళ్ల సందుల్లో దారంతోనో సన్నని బ్రష్షుతోనో శుభ్రం చేయండి. తొడుగుకు పిప్పి పట్టదు. తొడుగు అంచు కింద ఉన్న పన్నుకు పడుతుంది.

కొలిమి
ఆ తొడుగులు తయారు చేసే ల్యాబులో పదిహేడేళ్లుగా పని చేస్తున్నాను. ఇంతవరకు ఎవరూ దేనితో చేయించుకోవాలో మాట్లాడలేదు కనుక నా వంతు.

జిర్కోనియా అనే గట్టి పింగాణీ రకాన్ని మేం సుద్దముక్కలా మెత్తగా ఉన్నప్పుడే కోస్తాం. కోసిన తొడుగు అసలు పన్ను కంటే అయిదో వంతుకు పైగా పెద్దగా ఉంటుంది. సుమారు 1500 డిగ్రీల కొలిమిలో పెడితే కుదించుకుపోయి సరిగ్గా కొలతకు వస్తుంది, అప్పుడు మాత్రం దాన్ని కోయడానికి వజ్రపు పొడి అద్దిన పనిముట్టు కావాలి. లిథియం డైసిలికేట్ అనే గాజు పింగాణీ రకం దిమ్మె ఊదా నీలం రంగులో వస్తుంది. మొదటిసారి చూసినవాళ్లు ఇదేం పన్ను అనుకుంటారు. 850 డిగ్రీల దగ్గర కాల్చి బయటికి తీస్తే పన్ను రంగులోకి మారి ఉంటుంది. ఇన్నేళ్లయినా ఆ తలుపు తీసినప్పుడల్లా ఒక్క క్షణం ఆగి చూస్తాను.

వెనక పళ్లకు నన్నడిగితే పూర్తి లోహపు తొడుగే ఉత్తమం. పలచగా చేయవచ్చు కనుక పన్నును తక్కువ చెక్కితే చాలు, పగలదు, పైన పింగాణీ ఊడే బాధ లేదు. కానీ రంగు చూసి ఎవరూ ఒప్పుకోరు. ఇంకో మాట. మా దగ్గరికి వచ్చే అచ్చులో అంచు గీత స్పష్టంగా లేకపోతే ఎంత ఖరీదైన పదార్థమూ కాపాడదు. అంచు మసకగా వచ్చిన అచ్చును నేను వెనక్కి పంపిస్తాను. దానికి కోప్పడే డాక్టర్లూ ఉన్నారు, మెచ్చుకొనే డాక్టర్లూ ఉన్నారు.

చిగురుటాకు
నేను మెచ్చుకొనే రకం. వెనక్కి పంపండి, తప్పకుండా పంపండి.

అర్ధరాత్రిదీపం
మా ఆయన నిద్రలో పళ్లు కొరుకుతారు. ఆ చప్పుడుకు మంచం కింద పిల్లి లేచి వెళ్లిపోతుంది. రెండు నెలల కిందట రూట్ కెనాల్ పన్నుకు తొడుగు వేశారు. ఈ కొరుకుడుకు అది నిలుస్తుందా?

సన్నఅంచు
తొడుగు నిలిచినా కింద వేరు నిలవాలి కదా. రాత్రిపూట పెట్టుకొనే గట్టి పలక చేయించండి. కొలత తీసి చేసిందే కావాలి, ఒకటే అందరికీ సరిపోయే మెత్తని రకం కాదు. తొడుగు వేసిన కొత్తలో మూసినప్పుడు ఆ పన్నే ముందు తగులుతోందేమో కూడా చూపించుకోండి.

నీలిగోరింట
ఇంతమంది ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. ఒక్క సందేహం. ఆ తాత్కాలిక మందు నాలుగో వారంలోకి వచ్చింది. ఒక మూల కాస్త ఊడినట్టుంది, నాలుకకు గుంట తగులుతోంది. పర్వాలేదా?

చిగురుటాకు
పర్వాలేదని అనలేను. రేపే వెళ్లండి. ఆ మందు కనీసం మూడున్నర మిల్లీమీటర్ల మందం ఉంటేనే ఉమ్మిని ఆపుతుంది, అదీ కొద్ది వారాల మాట. మూల ఊడితే ఉమ్మి, దానితో సూక్ష్మజీవులు గట్టాపెర్చా దాకా దిగుతాయి. 1995లో రే, ట్రోప్ అనేవారు 1,010 రూట్ కెనాల్ పళ్ల ఎక్స్‌రేలు చూశారు. వేరు కొన ఆరోగ్యానికి లోపలి పని ఎంత ముఖ్యమో, పైన మూత అంతకు తక్కువ కాదని వారికి తేలింది. ఏది ఎక్కువ ముఖ్యమని ఆ తర్వాత వాదనలు జరిగాయి గాని, మూత అక్కర లేదని ఎవరూ అనలేదు. నెలల తరబడి తెరిచి ఉంటే రూట్ కెనాల్ మళ్లీ మొదటి నుంచి చేయవలసి రావచ్చు.

మూడోమెట్టు
వెళ్లండి. నా అద్దం గుర్తు పెట్టుకొని వెళ్లండి.

నీలిగోరింట
వెళ్లి వచ్చాను. జరిగింది రాస్తాను, నాలాగా ఆగిపోయినవాళ్లకు పనికి వస్తుంది.

పన్ను చుట్టూ ఆకుపచ్చ రబ్బరు గుడ్డ బిగించారు, ఆ ఒక్క పన్నే బయటికి కనబడేలా. పాత మందు తీసి చూపించారు. అడుగున తడి చేరడం మొదలైంది, కానీ గట్టాపెర్చా మీద సిమెంటు పొర అప్పటికే వేసి ఉండటంతో లోపలికి దిగలేదట. నరం గదిని నింపుతూ పొర పొరగా ఫిల్లింగ్ వేసి ఒక్కో పొరనూ నీలి కాంతితో గట్టిపరిచారు. పోస్ట్ వేస్తారా అని అడిగితే, "గదిలో పట్టు ఉంది, వేరును తవ్వను" అన్నారు. ఆ మాట విని మీ అందరూ గుర్తొచ్చారు. ఆన్‌లే సంగతి కూడా అడిగాను. వెనక మూల చిగురు మట్టం దాకా పోయిందని ఎక్స్‌రేలో చూపించి పూర్తి తొడుగు అన్నారు. పొన్నుకు చోటుందా అని అడిగితే ముందు అర్థం కాలేదు, రోకలి సంగతి చెప్పాక నవ్వి, కొలిచి, మూడు వైపులా రెండు మిల్లీమీటర్లు, వెనక ఒకటిన్నర అన్నారు. అచ్చు తీశారు. ప్రస్తుతం తాత్కాలిక తొడుగు ఉంది.

కొలిమి
మూడు వైపులా రెండు, వెనక ఒకటిన్నర. మంచి పునాది. అలాంటి అచ్చు చేతికి వస్తే నాకు ఆ రోజంతా హుషారుగా ఉంటుంది.

పాతగడియారం
నేనూ ఎక్స్‌రే తీయించుకున్నాను. పన్నెండేళ్ల ఫిల్లింగ్ కింద ఒక మూల పిప్పి నల్లగా కనబడింది. వేరు కొన శుభ్రంగానే ఉంది. నాకు ఏమీ తెలియలేదు, ఒక్క రోజు కూడా నొప్పి లేదు. ఫిల్లింగ్ తీసి, మిగిలిన గోడలు చూశాక తొడుగా ఆన్‌లేనా అన్నది చెబుతామన్నారు. మొదటి పోస్టులో కంగారు పడకండి అని రాశాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

రెక్కలగుర్రం
నాకు లోపల ముద్ద పెట్టి అయిదు రోజులైంది. బూడిద రంగు పసుపులోకి తిరిగింది. ఇంకో రెండుసార్లు మార్చాలట.

నీలిగోరింట
నిన్న జిర్కోనియా తొడుగు అంటించారు. నీలి కాగితం కొరికించి, చుక్క పడిన చోటల్లా సవరించి, మళ్లీ కొరికించి, నాలుగు సార్లు చేశారు. నమలడానికి హాయిగా ఉంది. ఆరు నెలలకు, ఏడాదికి ఎక్స్‌రే అన్నారు. ఒకటే అనుమానం. రాత్రి పళ్ల సందులో దారం తీస్తుంటే వెనక వైపు ఒకే చోట పీచులు తేలి తెగుతోంది. కొత్తది కనుక అలాగే ఉంటుందా?

చిగురుటాకు
ఉండకూడదు. ఒకే చోట దారం తెగుతోందంటే అక్కడ అంటించిన సిమెంటు మిగిలి ఉండాలి, లేదా అంచు పైకి లేచి ఉండాలి. సిమెంటయితే గీకేస్తే అయిదు నిమిషాల పని. అంచయితే ఇప్పుడే చెప్పాలి. దారాన్ని పైకి లాగకుండా పక్కకు తీయండి, ఏ చోటో గుర్తు పెట్టుకొని మీ డాక్టరుకు చూపించండి.

కొలిమి
అంచే అయితే మొహమాటపడకండి. మళ్లీ చేసి ఇవ్వమని అడగండి, ల్యాబు చేసి ఇస్తుంది.

నీలిగోరింట
ఉదయం తలుపు తెరిచే వేళకే వెళ్తాను.